బిల్లు చెప్పే మతిమరుపు లెక్క

జర్మనీలో బీమా ఉన్న రోగి డాక్టరు చేతికి డబ్బివ్వడు, కార్డు చూపిస్తాడు. డాక్టరు మూడు నెలలకోసారి తన దగ్గరికి వచ్చినవాళ్లందరి చిట్టా కట్టి, ఎవరికి ఏ జబ్బుందో, ఏ వైద్యం చేశాడో రాసి, ఆ ప్రాంతపు బీమా వైద్యుల సంఘానికి పంపుతాడు. అక్కడ లెక్క తేలాక ఆ వివరాలు రోగి సభ్యుడిగా ఉన్న బీమా నిధికి చేరతాయి. జబ్బు పేరు అందులో మాటల్లో ఉండదు. అంతర్జాతీయ వ్యాధుల పట్టిక ప్రకారం ఒక కోడ్ ఉంటుంది. ‘ఎఫ్‌00’ అంటే అల్జీమర్స్ వల్ల వచ్చిన డిమెన్షియా. ‘ఎఫ్‌01’ అంటే మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చినది. ‘ఎఫ్‌03’ అంటే డిమెన్షియాయే గానీ, ఏ రకమో తేల్చనిది. కోడ్ పక్కన ఇంకో అక్షరం ఉంటుంది: అనుమానమైతే ‘వి’, రూఢి అయితే ‘జి’, కాదని తేలితే ‘ఎ’. డబ్బు చెల్లింపు కోసం పుట్టిన ఈ వరుసలే ఇప్పుడు ఒక జనాభా మొత్తంలో మతిమరుపు జబ్బు ఎంతుందో, పెరుగుతోందో తగ్గుతోందో చెప్పే ఆధారాలయ్యాయి.

ఉత్తర జర్మనీలోని రోస్టాక్ నగరంలో 81 ఏళ్ల వృద్ధురాలు ఒకరు ఉన్నారనుకుందాం. ఏడాది మొదటి మూడు నెలల్లో ఆమె పేరిట రక్తపోటు, మోకాళ్ల అరుగుదల మాత్రమే ఉన్నాయి. తర్వాతి మూడు నెలల్లో ‘ఎఫ్‌03–వి’ వచ్చింది. ఆ తర్వాత మూడు నెలలు దాని ఊసే లేదు. చివరి మూడు నెలల్లో ‘ఎఫ్‌03–జి’. మరో నెలకు మందుల షాపు నుంచి డొనెపెజిల్ అనే మతిమరుపు మందు బిల్లు. మరుసటి ఏడాది జారిపడి ఆసుపత్రిలో చేరిక, సంరక్షణ బీమా కింద సాయానికి అర్హత. రెండేళ్ల తర్వాత ఒక తేదీ, దాని పక్కన బీమా ముగిసిన కారణం: మరణం. ఇంతే. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయిన రోజు, కన్నకూతుర్ని చూసి ఎవరని అడిగిన రోజు ఈ వరుసల్లో కనిపించవు. ఆమె పేరు కూడా ఉండదు. పరిశోధకుడి చేతికి వచ్చేసరికి పేరుకు బదులు ఒక మారు అంకె ఉంటుంది.

ఒక్క మనిషి విషయంలో ఇంత పేదగా కనిపించే ఈ సమాచారం కోట్ల మందిది ఒకచోట చేరినప్పుడు బలం పుంజుకుంటుంది. బిస్మార్క్ హయాంలో 1883లో వచ్చిన చట్టంతో జర్మనీలో నిర్బంధ ఆరోగ్య బీమా మొదలైంది. ఇవాళ ఆ దేశంలో ప్రతి పది మందిలో దాదాపు తొమ్మిది మంది చట్టబద్ధ బీమా నిధుల్లో సభ్యులు. వాటిలో ‘ఏఓకే’ అనే ప్రాంతీయ నిధుల కూటమి ఒక్కటే సుమారు 2.7 కోట్ల మందికి బీమా ఇస్తోంది. ఆసుపత్రి చేరికలే కాదు, వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన ప్రతిసారీ అందులో నమోదవుతుంది. డిమెన్షియా విషయంలో ఈ రెండోదే కీలకం, ఎందుకంటే ఈ జబ్బు మొదట బయటపడేది కుటుంబ వైద్యుడి గదిలో.

జ్ఞాపకం పోయినవాళ్లను అడగడమెలా?

జనాభాలో ఒక జబ్బు ఎంతుందో తెలుసుకోవడానికి తిన్నని దారి ఇంటింటికీ వెళ్లి పరీక్షించడం. మన దేశంలో ఆ పని ‘లాసీ–డాడ్’ అనే అధ్యయనం చేసింది. 60 ఏళ్లు పైబడిన 4,096 మందికి జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టి, ఇంట్లోవాళ్లను విడిగా అడిగి, ఆ వివరాలను నిపుణులకు చూపించి, దేశంలోని 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా కట్టింది. చదువురాని వాళ్లకూ పనికొచ్చేలా ప్రశ్నలు తయారు చేయడం దగ్గర్నుంచి ఇందులో పడ్డ శ్రమ చాలా గొప్పది. కానీ ఒక్కొక్కరి దగ్గర గంటల సమయం పట్టే ఇలాంటి సర్వేను ఏటేటా చేయలేరు. ఒక జిల్లాకో, 90 దాటినవాళ్లకో ప్రత్యేకంగా లెక్క తీయడానికి నాలుగు వేల మంది సరిపోరు.

ఇంకో చిక్కు ఈ జబ్బులోనే ఉంది. సర్వేకు ఒప్పుకునేవాళ్లు సాధారణంగా కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. జబ్బు ముదిరినవాళ్లు, వృద్ధాశ్రమాల్లో మంచాన పడ్డవాళ్లు జాబితాలోంచి జారిపోతారు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ వెళ్తే, ముందుగా తప్పుకునేది జ్ఞాపకశక్తి క్షీణిస్తున్నవాళ్లే. బీమా రికార్డు ఎవరి అంగీకారం కోసమూ తలుపు తట్టదు, ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడదు. వృద్ధాశ్రమంలో ఉన్నా, మాట పడిపోయినా, డాక్టరు వచ్చి చూసిన ప్రతిసారీ ఒక వరుస చేరుతుంది.

ఆసుపత్రి రికార్డులతోనూ గొప్ప విషయాలు తేలతాయి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని, చదువుకోని వాళ్లలోనూ ఈ తేడా ఉందని అది చూపింది. తెలుగు, హిందీ, దక్కనీ కలగలిసిన నగరం కాబట్టి సాధ్యమైన పరిశోధన అది. అయినా హైదరాబాద్‌లో ఎంతమందికి డిమెన్షియా ఉందనే ప్రశ్నకు ఆ రికార్డులు జవాబివ్వలేవు. ఆసుపత్రి గడప తొక్కనివాళ్లు ఎందరో ఆసుపత్రికి తెలియదు. బీమా నిధి సంగతి వేరు. దానికి జబ్బు లేని సభ్యుల సంఖ్య కూడా తెలుసు. శాతం కట్టాలంటే కింద ఉండాల్సిన అంకె అదే.

ఒక్క కోడ్ చాలదు

బిల్లులో ఒకసారి కనిపించినంత మాత్రాన జబ్బున్నట్టేనా? ఈ ప్రశ్న మీదే ఈ రంగంలో సగం పని నడుస్తుంది. అమెరికాలో 65 దాటిన దాదాపు అందరికీ మెడికేర్ బీమా ఉంది. అక్కడ కొంతమంది వృద్ధులను ఇళ్ల దగ్గరే క్షుణ్ణంగా పరీక్షించి, ఆ ఫలితాలను వాళ్ల మెడికేర్ బిల్లులతో పోల్చిన అధ్యయనం 2009లో వచ్చింది. నిజంగా డిమెన్షియా ఉన్నవాళ్లలో 85 శాతం మందిని బిల్లులు పట్టుకున్నాయి. జబ్బు లేనివాళ్లలో 89 శాతం మందిని లేదనే చూపాయి. వినడానికి బాగానే ఉంది. కాస్త కూడికలు చేస్తే అసలు సంగతి తెలుస్తుంది.

వెయ్యి మంది వృద్ధుల్లో నిజంగా వంద మందికి జబ్బుందనుకుందాం. బిల్లులు అందులో 85 మందిని పట్టుకుంటాయి. మిగతా 900 మందికి జబ్బు లేదు. కానీ వాళ్లలో 11 శాతం, అంటే 99 మంది కూడా జబ్బున్నట్టు నమోదవుతారు. బిల్లుల ప్రకారం మొత్తం 184 మంది. వాళ్లలో సగానికి పైగా తప్పుడు పేర్లే! ఆసుపత్రిలో జ్వరంతో మతి చలించి, నాలుగు రోజుల్లో కోలుకున్న మనిషి ఉండొచ్చు. తీవ్రమైన కుంగుబాటును డిమెన్షియాగా పొరబడి ఉండొచ్చు. పరీక్ష రాయడానికి కారణంగా వేసిన కోడ్ తర్వాత కూడా అలాగే ఉండిపోయి ఉండొచ్చు.

అందుకే జర్మన్ పరిశోధకులు జల్లెడ పట్టాకే లెక్కిస్తారు. ‘వి’, ‘ఎ’ అక్షరాలున్న వరుసలు పక్కన పెడతారు. రూఢి అయినది కూడా ఏడాదిలోని నాలుగు త్రైమాసికాల్లో కనీసం రెండింట్లో కనిపించాలంటారు. లేదా ఇద్దరు వేర్వేరు డాక్టర్లు రాసి ఉండాలి, లేదా ఆసుపత్రి కాగితాలు ధ్రువపరచాలి. డొనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమంటిన్ లాంటి మందుల బిల్లులు తోడైతే నమ్మకం పెరుగుతుంది. మందు లేకపోయినంత మాత్రాన జబ్బు లేదనుకోవడానికి వీల్లేదు, చాలామంది రోగులకు అవి రాయరు. పైన అనుకున్న రోస్టాక్ వృద్ధురాలు ఈ జల్లెడలో ఎక్కడ ఆగుతుంది? మొదటి కోడ్ అనుమానమే కాబట్టి లెక్కలోకి రాదు. నాలుగో త్రైమాసికంలో రూఢి అయింది గానీ, మరుసటి ఏడాది ఇంకోసారి కనిపిస్తేనే ఆమె రోగిగా నమోదవుతుంది. ఈ లోపు చనిపోయి ఉంటే ఏం చేయాలి? రెండోసారి కనిపించే అవకాశమే లేనివాళ్లకు ప్రత్యేక నియమం ఉండాలి. లేకపోతే త్వరగా పోయినవాళ్లంతా జబ్బు లేనివాళ్లుగా మిగిలిపోతారు. జల్లెడ కన్నాల సైజు మారితే అంకె మారుతుంది. కాబట్టి ఏ నియమంతో లెక్కించారో చెప్పని అంకెకు విలువ లేదు.

ఈ రికార్డులకు గట్టి హద్దు ఇంకొకటి ఉంది. ఏ రకం డిమెన్షియా అన్న విషయంలో వాటిని పెద్దగా నమ్మలేం. కుటుంబ వైద్యులు రాసేవాటిలో రకం తేల్చని ‘ఎఫ్‌03’ వాటా చాలా పెద్దది. 85 ఏళ్ల మనిషికి స్కానింగులు, వెన్ను నీటి పరీక్షలు చేయించి పేరు తేల్చడం వల్ల ఆ ఇంటికి ఒరిగేది కొద్దే. అందువల్ల డాక్టరు అక్కడే ఆగుతాడు. మొత్తం డిమెన్షియా లెక్కకు బీమా రికార్డు పనికొస్తుంది, అల్జీమర్స్ ఎంత అనే ప్రశ్నకు అంతగా పనికిరాదు.

చెరువు, కాలువ, తూము

జనాభాలో జబ్బును లెక్కించడమంటే చెరువులో నీటిని కొలవడం లాంటిది. ఇవాళ చెరువులో ఉన్న నీరు ఒక లెక్క. కాలువ గుండా కొత్తగా వచ్చే నీరు, తూము గుండా పోయే నీరు వేరే లెక్కలు. డిమెన్షియా ఉన్నవాళ్ల మొత్తం సంఖ్య పెరిగిందంటే కొత్త కేసులు పెరిగాయని అర్థం కానక్కర్లేదు. రోగులు ముందుకన్నా ఎక్కువ కాలం బతుకుతున్నా నీటి మట్టం పెరుగుతుంది. ఒక్క రోజు తీసిన ఫొటో లాంటి సర్వే ఈ రెంటినీ విడదీయలేదు. బీమా రికార్డు విడదీస్తుంది. రెండు మూడేళ్లు వెనక్కి వెళ్లి డిమెన్షియా కోడ్ లేనివాళ్లను మాత్రమే తీసుకుని, అక్కడి నుంచి ఎవరికి ఎప్పుడు కొత్తగా వచ్చిందో చూస్తారు. బీమా ముగిసిన తేదీ మరణాన్ని చెబుతుంది.

రోస్టాక్‌లో గాబ్రియెలె డోబ్ల్‌హామర్ బృందం ఏళ్ల తరబడి చేస్తున్నది ఈ పనే. 2007–2009 మధ్య ఏఓకే సభ్యులందరి రికార్డులు చూసి, 74 నుంచి 85 ఏళ్ల మహిళల్లో డిమెన్షియా ఉన్నవాళ్ల నిష్పత్తి స్వల్పంగానే అయినా తగ్గిందని ఆ బృందం గుర్తించింది. మగవాళ్లలో అంత స్పష్టమైన తగ్గుదల కనిపించలేదు. రెండు మూడేళ్లలో వచ్చే ఇంత చిన్న మార్పును పట్టుకోవాలంటే లక్షల మంది కావాలి. ఏ సర్వేకూ అది సాధ్యం కాదు. వయసుతో జబ్బు ఎంత వేగంగా పెరుగుతుందో కూడా ఈ రికార్డుల్లో తేటగా కనిపిస్తుంది. 65–69 ఏళ్లవాళ్లలో నూటికి ఒకరో ఇద్దరో ఉంటే, 90 దాటినవాళ్లలో మూడో వంతుకు పైనే.

గ్యాస్ మాత్ర, షుగరు మాత్ర

లెక్కతో ఆగితే ఈ రికార్డుల మీద ఇంత చర్చ ఉండేది కాదు. ఏ మందు వాడినవాళ్లకు తర్వాత డిమెన్షియా వచ్చింది, ఎవరికి రాలేదు అని వెతకడం మొదలయ్యాక వార్తలు పుట్టాయి. ఆ వార్తలు మన ఇళ్ల దాకా వచ్చాయి, ఎందుకంటే ఆ మందులు మన ఇళ్లలోనూ ఉన్నవే.

2015లో జర్మన్ శాస్త్రవేత్తలు 60 దాటిన 1,45,928 మంది ఏఓకే సభ్యుల రికార్డులు పరిశీలించారు. పయోగ్లిటజోన్ అనే షుగరు మాత్రను రెండేళ్లు అంతకు మించి వాడినవాళ్లలో, షుగరు లేనివాళ్ల కంటే కూడా డిమెన్షియా 47 శాతం తక్కువగా కనిపించింది. షుగరు ఉంటే మతిమరుపు ముప్పు పెరుగుతుందని తెలుసు. అలాంటిది ఈ మాత్ర వేసుకున్న షుగరు రోగి ఆరోగ్యవంతుడి కంటే మెరుగ్గా ఉండటం ఆశ్చర్యమే. అప్పటికే ఇదే మందును చాలా తక్కువ మోతాదులో ఇచ్చి చూసే పెద్ద ప్రయోగం ఒకటి అయిదు దేశాల్లో నడుస్తోంది. మూడు వేల మందికి పైగా పాల్గొన్న ఆ ‘టుమారో’ ప్రయోగాన్ని ఫలితం కనిపించడం లేదని 2018లో ఆపేశారు. మోతాదు మరీ తక్కువన్న వాదన ఉంది. కానీ మరో వివరణ ఇంకా బలమైనది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు పయోగ్లిటజోన్ ప్రమాదం. కాబట్టి డాక్టర్లు దాన్ని గట్టిగా ఉన్నవాళ్లకే రాస్తారు. ముందే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తర్వాతా ఆరోగ్యంగా ఉంటే ఆ ఘనత మాత్రకు దక్కింది.

2016లో దీనికి తిరగేసిన కథ వచ్చింది. 75 దాటిన 73,679 మంది ఏఓకే సభ్యుల్లో, పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు క్రమం తప్పకుండా వాడేవాళ్లకు డిమెన్షియా ముప్పు 44 శాతం ఎక్కువని తేలింది. పరగడుపున ఆ మాత్ర వేసుకోకుండా రోజు మొదలుకాని ఇళ్లు తెలుగునాట ఎన్నో. ఆ వార్త ఎంత భయపెట్టిందో చెప్పనక్కర్లేదు. రెండేళ్లకు అమెరికాలోని సియాటిల్‌లో 3,484 మందిని ఏళ్ల తరబడి నేరుగా జ్ఞాపకశక్తి పరీక్షలతో గమనించిన అధ్యయనంలో అలాంటి సంబంధం కనిపించలేదు. తేడా ఎక్కడుంది? ఎక్కువ మందులు వాడేవాళ్లు డాక్టరు దగ్గరికి ఎక్కువసార్లు వెళ్తారు. ఎక్కువసార్లు వెళ్లినవాళ్ల మతిమరుపు త్వరగా రికార్డుకెక్కుతుంది. పొగ తాగుతారా, ఎంత చదువుకున్నారు, ఒంటరిగా ఉంటారా అనేవి బిల్లులో ఉండవు. వాటి ప్రభావాన్ని తీసేసి చూడటం పరిశోధకుడికి కుదరదు.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకే రకం రికార్డు, ఒకే రకం లోపం. ఒకచోట మందు రక్షకుడిలా, ఇంకోచోట దోషిలా కనిపించింది. అలాగని బీమా రికార్డుల్లోంచి వచ్చే హెచ్చరికలను కొట్టిపారేయలేం. ఇదే పయోగ్లిటజోన్‌కు మూత్రాశయ క్యాన్సర్‌తో సంబంధం ఉందన్న అనుమానం మీద ఫ్రాన్స్ 2011లో ఆ మందును నిలిపేసింది. దానికి ఆధారం సుమారు 15 లక్షల మంది షుగరు రోగుల బీమా రికార్డులే. మన దేశంలోనూ 2013లో కొద్ది వారాలు ఆ మందును నిలిపి, హెచ్చరికతో మళ్లీ అనుమతించారు. బిల్లులు అనుమానాన్ని లేవనెత్తగలవు. దాన్ని తేల్చడానికి ప్రయోగమో, మనుషులను నేరుగా పరీక్షించే దీర్ఘకాల అధ్యయనమో కావాలి.

డబ్బు మారితే జబ్బు మారుతుంది

చెల్లింపు నియమం మారగానే రికార్డులో జబ్బు పెరగడం, తరగడం ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన బలహీనత. అమెరికాలో మెడికేర్ తరఫున ప్రైవేటు బీమా కంపెనీలకు మనిషికి ఇంత చొప్పున చెల్లించే పథకం ఉంది. సభ్యుడి జబ్బులను బట్టి ఆ మొత్తం పెరుగుతుంది. ఆ జబ్బుల జాబితా నుంచి 2014లో డిమెన్షియాను తీసేశారు, 2020లో మళ్లీ చేర్చారు. ఆ కంపెనీల సభ్యుల్లో ఆ ఏడాది నుంచి డిమెన్షియా నమోదు పెరిగితే, జబ్బు పెరిగిందనడం ఎంత తొందరపాటు! జర్మనీలోనూ 2009 నుంచి సభ్యుల జబ్బులను బట్టి బీమా నిధుల మధ్య డబ్బు పంపిణీ జరుగుతోంది. అందువల్ల సభ్యులను కాగితం మీద మరింత రోగిష్టులుగా చూపేందుకు డాక్టర్లపై ఒత్తిడి ఉందన్న వివాదం అక్కడా రేగింది. కరోనా ఏడాదిలో దీనికి విరుద్ధంగా జరిగింది. వృద్ధులు క్లినిక్‌లకు రావడం మానేశారు. చాలా దేశాల్లో కొత్త డిమెన్షియా నిర్ధారణలు తగ్గాయి. తగ్గింది నిర్ధారణే, జబ్బు కాదు.

రికార్డులో లేనివాళ్లెవరో కూడా చూడాలి. జర్మనీలో ప్రభుత్వోద్యోగులు, ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్లు చాలామంది ప్రైవేటు బీమాలో ఉంటారు. ఏఓకేలో చారిత్రకంగా శ్రామిక కుటుంబాల వాటా ఎక్కువ. చదువు, ఆదాయం డిమెన్షియాను ప్రభావితం చేస్తాయి కాబట్టి ఒక్క ఏఓకే లెక్కను దేశానికంతటికీ అంటగడితే పొరపాటవుతుంది. ఇక డాక్టరు దాకా వెళ్లని, వెళ్లినా చెప్పుకోని తొలిదశ రోగులు ఏ బీమా రికార్డులోనూ ఉండరు.

ఎవరి రికార్డు, ఎవరి అనుమతి?

అనుమతి అడగకుండానే అందర్నీ లెక్కలోకి తీసుకోవడం ఈ పద్ధతి బలమని పైన చూశాం. అదే దాని మీద ఉన్న పెద్ద అభ్యంతరం కూడా. తైవాన్‌లో 1995లో మొదలైన జాతీయ బీమా దేశ ప్రజలందరికీ వర్తిస్తుంది. ఆ రికార్డుల నుంచి వేల పరిశోధనా పత్రాలు వచ్చాయి, వాటిలో డిమెన్షియా మీద వచ్చినవీ ఎన్నో. తమ వివరాలను వైద్యానికి తప్ప ఇంకోదానికి వాడొద్దని కొందరు పౌరులు కోర్టుకెక్కారు. 2022 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం పరిశోధనను నిషేధించలేదు గానీ, వద్దనుకునేవాళ్లకు తప్పుకునే హక్కు లేకపోవడం, స్వతంత్ర పర్యవేక్షణ లేకపోవడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పి, మూడేళ్లలో చట్టం సరిచేయమంది. తీర్పు న్యాయమైనదే. డిమెన్షియా విషయంలో ఈ ప్రశ్న మరీ సున్నితం. తప్పుకునే హక్కు ఇచ్చినా, జబ్బు ముదిరాక దాన్ని వాడుకోగల స్థితిలో ఆ మనిషి ఉండడు. జర్మనీ 2024 మార్చిలో ఆరోగ్య సమాచార వినియోగానికి ప్రత్యేక చట్టం తెచ్చి, రోగి గుర్తింపును బయటపెట్టే ప్రయత్నాన్ని శిక్షార్హం చేసింది.

పేరు లేని ఈ వరుసలకు పూర్తి భిన్నమైన రికార్డు ఒకటుంది. ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో 1901 నవంబరులో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు 51 ఏళ్ల ఆగస్టె డేటర్ అనే రోగిని ప్రశ్నలడిగి, ఆమె చెప్పిన ప్రతి జవాబూ రాసుకున్నాడు. పేరేమిటని అడిగితే ఆగస్టె అంది. భర్త పేరడిగినా ఆగస్టె అనే అంది. ఎక్కడో మరుగునపడిపోయిన ఆ 32 పుటల ఫైలు 1995లో దొరికింది. ఆ ఒక్క ఫైలు జబ్బుకు ముఖాన్నిచ్చింది. కోట్ల బీమా వరుసలు జబ్బుకు కొలతనిస్తాయి. ఒకదాని పని ఇంకోటి చేయలేదు.

మన క్లెయిమ్‌లో ఏముంటుంది

తెలుగు రాష్ట్రాల్లో బీమా రికార్డులు లేవని కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ దేశంలోనే తొలి పెద్ద పథకాల్లో ఒకటి. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది, 2024 అక్టోబరు నుంచి 70 దాటిన అందరికీ ఆదాయంతో పనిలేకుండా విస్తరించింది. అయితే ఇవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి, ముందే ఖరారైన ప్యాకేజీలకు డబ్బిచ్చే పథకాలు. మతిమరుపుతో ఓపీకి వచ్చి, చీటీ రాయించుకుని, జేబులోంచి డబ్బిచ్చి మందులు కొనుక్కుని వెళ్లే మనిషి వాటిలో నమోదు కాడు. అసలు చాలా ఇళ్లలో ఓపీ దాకా కూడా రాదు. పెద్దావిడ అన్నం తిని మళ్లీ తినలేదంటే చాదస్తమంటారు. సొంత వీధిలో దారి తప్పితే వయసు మీద పడిందంటారు.

అదే పెద్దావిడ ఒక రాత్రి లేచి, తలుపు ఏ వైపుందో తెలియక తడుముకుంటూ గడప తట్టుకుని పడిపోతుంది. తుంటి ఎముక విరుగుతుంది. ఆసుపత్రిలో చేరుస్తారు. కార్డు నంబరు, ఎక్స్‌రే, ఆపరేషన్‌కు ముందు ఫొటో, తర్వాత ఫొటో, ఇంప్లాంట్ బిల్లు అన్నీ క్లెయిమ్‌కు జత చేస్తారు. జబ్బు పేరు ఉండాల్సిన చోట తుంటి ఎముక విరిగిందని ఉంటుంది. ఆమె ఎందుకు పడిందో రాయడానికి ఆ ప్యాకేజీలో అవసరం రాదు. రెండేళ్లుగా కోడలిని వేరే పేరుతో పిలుస్తోందన్న సంగతి వార్డులో అందరికీ తెలుసు, డిశ్చార్జి కాగితంలో మాత్రం లేదు.